ఔట్‌రిగ్గర్ పడవ పందేలు: జట్టును గెలిపించేది ఏది? తెడ్డు వేసేవాళ్ళు, చూసినవాళ్ళు రాయండి

పద్మజ (ఆరెంజ్ కౌంటీ, కాలిఫోర్నియా)

అందరికీ నమస్కారం. ఈ ఆటల విభాగంలో క్రికెట్టు, బ్యాడ్మింటన్ కబుర్లే ఎక్కువ. పడవ పందేల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఎక్కడైనా ఉన్నారేమోనని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నేను ఇక్కడ ఒక ఔట్‌రిగ్గర్ క్లబ్బులో తెడ్డు వేస్తాను. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పడవ పొడవు 40-45 అడుగులుంటుంది, వెడల్పు అడుగున్నర. అంత సన్నటి పడవ నీళ్ళ మీద తనంతట తాను నిలబడదు కాబట్టి ఎడమ పక్కన రెండు వంపు కర్రలు కట్టి, వాటి చివర ఒక తేలు, అంటే నీళ్ళ మీద తేలే సన్నటి దిమ్మ, బిగిస్తారు. కర్రల్ని ఇయాకో అంటారు, తేలును అమా అంటారు. మనుషులు ఆరుగురు, ఒకరి వెనక ఒకరు. ఒకటో సీటు వాళ్ళు వేగం నిర్ణయిస్తారు. రెండో సీటు రెండో వైపు తెడ్డు వేసేవాళ్ళకు అదే వేగం అందిస్తుంది. మధ్యలో మూడు, నాలుగు, ఐదు సీట్లలో బలమున్నవాళ్ళు. ఆరో సీటులో పడవను నడిపే మనిషి. సాధారణంగా మూడో సీటు నుంచి ఒకరు లెక్కపెడుతూ 'హట్' అని అరుస్తారు, 'హో' అనగానే అందరూ తెడ్డు అవతలి వైపుకు మారుస్తారు. పన్నెండు నుంచి పదహారు స్ట్రోకులకు ఒకసారి ఈ మార్పు.

ఈ సీజన్లో మా మాస్టర్స్ మహిళల జట్టు, అంటే నలభై దాటినవాళ్ళం, చాలా బాగా పోటీ చేసింది. మాకంటే బలమైన జట్లు ఉన్నాయి, వయసులో చిన్న జట్లూ ఉన్నాయి. మేమెలా ముందుకొచ్చామో నాకు తోచింది చెబుతాను.

సీజన్ మొదట్లో కోచ్ మా అందరినీ ఒంటరి పడవల్లో పంపి టైము రాసుకున్నారు. మంచి టైము వచ్చిన ఆరుగురిని ఒక పడవలో, మిగతా ఆరుగురిని ఇంకో పడవలో కూర్చోబెట్టి పందెం పెట్టారు. మొదటి పడవ గెలిచింది గానీ ఆ టైములు చూసి మేమనుకున్నంత దూరంలో గెలవలేదు. ఆ తర్వాత కోచ్ ఒక మార్పు చేశారు. టైముల్లో బాగా వెనకబడ్డ ఒకావిడను తెచ్చి ఒకటో సీటులో పెట్టారు. సన్నటి మనిషి, పెద్దగా మాట్లాడదు. ఆవిడ గొప్పతనం ఒక్కటే: మొదటి నిమిషంలో స్ట్రోక్ ఎలా ఉందో గంట తర్వాత కూడా అలాగే ఉంటుంది. అలసిపోయినా తొందరపడదు, చేయి కుదించదు.

పడవలో కూర్చున్నవాళ్ళకు ఈ తేడా చెవికి తెలుస్తుంది. ఆరు తెడ్లు కలిసి నీళ్ళలో దిగితే ఒక్కటే చప్పుడు. ఎవరైనా ఆవగింజంత ముందు దిగితే అదే చప్పుడు రెండుగా చీలుతుంది, సీటు కింద పడవ జర్కు ఇస్తుంది, ముందుకు పోవాల్సిన బలం పైకీ కిందికీ పోతుంది. ఆవిడ ముందు కూర్చున్నాక రెండో వారానికల్లా మా పడవలో ఆ చీలిక పోయింది. టైము దానంతట అదే తగ్గింది.

అందుకే నా అభిప్రాయం ఏంటంటే, ఈ ఆటలో క్లబ్బు గెలవాలంటే ఎవరి సీటు ఏదో ఒప్పుకునే మనసు ముందు కావాలి, బలం తర్వాత. మీరేమంటారు?

గోదారోడు (రాజోలు)

పద్మజక్కా, చదువుతుంటే భలేగా ఉంది. మాది లంక ఊరు, చిన్నప్పటి నుంచి నావలు, తెప్పలు చూస్తూ పెరిగాను. రెండు సందేహాలు. ఆరో సీటు మనిషి నడుపుతుంది అన్నారు, చుక్కాని ఉంటుందా? తేలు ఎడమ పక్కనే ఎందుకు? కుడి పక్కకు ఒరిగితే గతేంటి?

ఈమధ్య మా దగ్గర ఆత్రేయపురంలో సంక్రాంతికి డ్రాగన్ పడవల పోటీలు పెట్టారు. వాటిల్లో ముందు కూర్చుని డప్పు కొట్టే మనిషి ఉంటాడు. మీ పడవలో ఆ చప్పుడు లేకుండా ఆరుగురూ ఎలా కలుస్తారో నాకు అర్థం కావట్లేదు.

పద్మజ

తమ్ముడూ, చుక్కాని లేదు. ఆరో సీటు మనిషి చేతిలో ఉన్న పెద్ద తెడ్డే చుక్కాని. దాన్ని పడవ పక్కకు ఆనించి నీళ్ళలోకి గుచ్చితే ముక్కు తిరుగుతుంది. గుచ్చినంతసేపూ పడవకు బ్రేకు వేసినట్టే, కాబట్టి మంచి స్టీరర్ అవసరమున్నంత వరకే గుచ్చి వెంటనే తీసి తను కూడా తెడ్డు వేస్తుంది. అల వెనక నుంచి వచ్చినప్పుడు పడవను దాని మీద ఎక్కించడం కూడా ఆవిడ పనే.

తేలు ఎడమ పక్కన ఉండటం ఆనవాయితీ, అన్ని పడవలూ అలాగే కడతారు. కుడికి ఒరిగితే తేలు గాల్లోకి లేస్తుంది. అప్పుడు రెండో సీటు, నాలుగో సీటు వాళ్ళు ఎడమకు వాలి ఇయాకో మీద బరువు వేయాలి. ఆలస్యమైతే పడవ బోల్తా. దాన్ని హులి అంటారు.

హులి అయితే మొదట చేసేది లెక్క. నీళ్ళలోంచి తల బయటికి రాగానే ఒకటో సీటు 'ఒకటి' అంటుంది, రెండో సీటు 'రెండు', అలా ఆరు దాకా. ఒక అంకె వినపడకపోతే మిగతా ఐదుగురూ పడవ సంగతి వదిలేసి ఆ మనిషిని వెతకాలి. అంకెలన్నీ వినపడ్డాకే తెడ్లు పోగేయడం. ఆ తర్వాత ఇద్దరు బోల్తా పడ్డ పడవ అడుగుభాగం మీదికెక్కి అవతలి ఇయాకోలు పట్టుకుని వెనక్కి వాలతారు, మిగతావాళ్ళు కింద నుంచి తేలును ఎత్తి తోస్తారు. పడవ సరిగ్గా తిరగ్గానే నీళ్ళు తోడాలి. సగానికి కోసిన ప్లాస్టిక్ డబ్బాలు పడవలో ఎప్పుడూ కట్టి ఉంటాయి. కొత్తగా చేరినవాళ్ళతో కూడా క్లబ్బు ఇది సాధన చేయిస్తుంది, పందెంలోకి దిగే ముందే.

డప్పు సంగతి: వెనకవాళ్ళ కళ్ళు ముందు మనిషి భుజం మీద, చెవులు నీళ్ళ మీద. అంతే.

సుధీర్ (హోనొలులు)

పద్మజ గారూ, ఈ చర్చ చూసి చాలా సంతోషమేసింది. నేను ఇక్కడ యూనివర్సిటీలో ఉన్నాను. తెడ్డు పట్టింది తక్కువే గానీ చూసింది ఎక్కువ, ఎందుకంటే హవాయిలో ఇది చూడకుండా బతకడం కష్టం. 1986లో ఔట్‌రిగ్గర్ పడవ పందేన్ని రాష్ట్ర అధికారిక జట్టు క్రీడగా ప్రకటించారు.

కాస్త చరిత్ర చెబితే మీ పాయింటుకు బలం వస్తుంది. 19వ శతాబ్దం మొదట్లో మిషనరీలు వచ్చాక ఇక్కడి పాత ఆటలతో పాటు పడవ పందేలు కూడా వెనకబడిపోయాయి. 1875లో రాజు కలాకావా తన పుట్టినరోజు నవంబర్ 16న ఏటా రెగట్టా (పడవ పందేల పోటీ) జరగాలని నిర్ణయించి వాటికి మళ్ళీ ఊపిరి పోశాడు. 1908లో వైకీకీలో ఔట్‌రిగ్గర్ కనూ క్లబ్ పుట్టింది. ఈత వీరుడు డ్యూక్ కహనమోకు, అతని స్నేహితులు కలిసి హుయి నలు క్లబ్బు పెట్టుకున్నారు. ఈ రెండూ ఇప్పటికీ పోటీలో ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద పందెం మొలొకాయ్ హోయె. మొలొకాయ్ దీవి నుంచి ఒవాహు దీవికి, మధ్యలో కైవీ జలసంధి. దాని వెడల్పే 26 మైళ్ళు, పందెం దూరం సుమారు 40 మైళ్ళు. ఈశాన్యం నుంచి వ్యాపార పవనాలు వీస్తుంటే అలలు ఇంటి కప్పు ఎత్తున లేస్తాయి. మొదటిసారి 1952 నవంబర్ 1న మూడంటే మూడు పడవలు బయల్దేరాయి. మొలొకాయ్ జట్టు 8 గంటల 55 నిమిషాల్లో వైకీకీ చేరి గెలిచింది. ఇప్పటి మేటి జట్లు దాదాపు సగం సమయంలో దాటేస్తున్నాయి. పసిఫిక్‌లోని తాహితీ దీవి నుంచి వచ్చే షెల్ వా జట్టు 2011లో సుమారు నాలుగున్నర గంటల్లో దాటింది. (కేరళలో నెహ్రూ ట్రోఫీకి మూలమైన పందెం జరిగింది కూడా 1952లోనే. నాకు ఇది తెలిసినప్పుడు భలే ఆశ్చర్యమేసింది.)

ఈ పందెంలో జట్టుకు తొమ్మిది మంది. పడవలో ఆరుగురు, పక్కన వచ్చే ఎస్కార్ట్ బోటులో ముగ్గురు. మార్పు నడిసముద్రంలో, పడవ ఆగకుండా జరుగుతుంది. ఎస్కార్ట్ బోటు ముందుకు పోయి ముగ్గురిని వరుసగా నీళ్ళలో దింపేస్తుంది. వాళ్ళు చేతులెత్తి ఈదుతూ ఉంటారు. స్టీరర్ పడవను నేరుగా వాళ్ళ మీదికే తెస్తుంది, వాళ్ళు తేలుకూ పడవకూ మధ్యలోకి వచ్చేలా. పడవ దగ్గరకు రాగానే దిగాల్సిన ముగ్గురు కుడి పక్క నుంచి నీళ్ళలోకి దొర్లుతారు, కొత్తవాళ్ళు ఎడమ పక్క అంచు పట్టుకుని ఒక్క ఊపులో ఎక్కి కూర్చుని, అందిన తెడ్డు తీసుకుంటారు. మిగిలిన ముగ్గురూ ఒక్క స్ట్రోక్ కూడా ఆపరు. దిగినవాళ్ళను ఎస్కార్ట్ బోటు ఏరుకుంటుంది. పట్టు తప్పిన మనిషి వెనకబడిపోతే ఐదుగురితో ఆ అల మీద ఎంత పోగొట్టుకుంటారో ఊహించండి.

ఆ ముగ్గురు బోటులో ఉన్నంతసేపూ ఏం చేస్తారన్నది నాకు ముఖ్యంగా అనిపిస్తుంది. పక్క జట్టు ఎటు పోతోందో చూస్తారు, ఎవరి స్ట్రోక్ తగ్గుతోందో కనిపెడతారు, తరువాత ఎవరిని దింపాలో కోచ్‌తో మాట్లాడతారు. బయట కూర్చున్నవాళ్ళకు తమను పక్కన పెట్టారన్న బాధ ఉంటే ఈ పనులేవీ సరిగ్గా జరగవు.

అరుణ (ఆక్లండ్)

సుధీర్ గారూ, మహిళల సంగతి కూడా రాయండి. అది వదిలేస్తే సగం కథే.

సుధీర్

రాయాల్సిందే అరుణ గారూ. ఆ జలసంధి ఆడవాళ్ళకు ప్రమాదం అని నిర్వాహకులు ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు. 1975లో రెండు మహిళా జట్లు అధికారిక పందెంతో సంబంధం లేకుండా దాటి చూపించాయి. దాని తర్వాత హానీ ఆండర్సన్ లాంటివాళ్ళు పట్టుబట్టి 1979లో నా వాహినె ఓ కె కై పేరుతో మహిళల పందెం అధికారికంగా పెట్టించారు. మొదటి ఏడాది 17 జట్లు వచ్చాయి, ఔట్‌రిగ్గర్ కనూ క్లబ్ గెలిచింది. 80లు, 90లలో పద్మజ గారి వైపు నుంచే, అంటే కాలిఫోర్నియా నుంచే, ఆఫ్‌షోర్ అనే జట్టు వచ్చి హవాయి జట్లను వాళ్ళ సొంత నీళ్ళలో ఓడించింది. చిన్నప్పటి నుంచీ ఆ అలల్లో పెరిగినవాళ్ళను బయటి నుంచి వచ్చి గెలవడం మామూలు విషయం కాదు.

శ్యామ్ (హైదరాబాద్)

చర్చ బాగుంది, ఒక అభ్యంతరం. గెలిచినవాళ్ళు ఎప్పుడూ జట్టు స్ఫూర్తి గురించే చెబుతారు. ఓడినవాళ్ళలో స్ఫూర్తి లేదా? మీరే షెల్ వా పేరు చెప్పారు. తాహితీ జట్ల పేర్లు చూడండి: షెల్ వా ఇంధన కంపెనీది, ఈడీటీ వా కరెంటు కంపెనీది, ఓపీటీ పోస్టు, టెలిఫోన్ సంస్థది. వెనక కంపెనీ ఉంది, సాధనకు సమయం ఉంది. హవాయి క్లబ్బులో తెడ్డు వేసేవాడు పగలంతా పని చేసి సాయంత్రం ఒడ్డుకు వస్తాడు. వారానికి ఎన్ని గంటలు నీళ్ళ మీద ఉన్నారన్న దాన్నిబట్టే ఫలితం. మిగతాది గెలిచాక చెప్పుకునే మాట.

సుధీర్

శ్యామ్ గారూ, గంటల సాధన లెక్కలోకి రాదని ఎవరూ అనలేదు. తాహితీ ముందున్నది ముమ్మాటికీ సాధన వల్లనే. కానీ వాళ్ళ సాధన ఎలాంటిదో చూడండి. అక్కడి పెద్ద పందెం హవాయికి నుయి, 1992 నుంచి జరుగుతోంది. హువాహినె దీవి నుంచి రైయాతెయా, అక్కణ్ణుంచి తాహా, చివరికి బోరాబోరా. మూడు రోజులు, మొత్తం 125 కిలోమీటర్ల పైమాటే. మగవాళ్ళ పందెంలో మార్పులు లేవు, అవే ఆరుగురు మూడు రోజులూ తెడ్డు వేయాలి. మొదటి రోజు సుమారు 45 కిలోమీటర్లు, రెండో రోజు పగడపు దిబ్బల లోపల ప్రశాంతమైన నీళ్ళలో 26, మూడో రోజు మళ్ళీ బయటి సముద్రంలో 58.

అలాంటి పందెంలో ఒక్కడి బలం వల్ల ఏమీ కాదు. రెండో రోజు ఒకడు ఆవేశపడి బలం ఖర్చు పెడితే మూడో రోజు మధ్యాహ్నానికి వాణ్ణి మిగతా ఐదుగురూ మోయాలి. ఏళ్ళ తరబడి అదే ఆరుగురు కలిసి కూర్చుంటే ఎవరు ఎప్పుడు తగ్గుతారో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. కంపెనీ ఇచ్చిన సమయం దానికే పనికొచ్చింది. కాబట్టి మీరు చెప్పేదీ పద్మజ గారు చెప్పేదీ నాకైతే ఒకే విషయానికి రెండు వైపుల్లా కనిపిస్తున్నాయి.

అరుణ (ఆక్లండ్)

న్యూజిలాండ్ నుంచి నా మాట. ఇక్కడ దీన్ని వాకా అమా అంటారు. మావోరీ వాళ్ళ ఆట, కానీ ఎవరినీ కాదనరు. మా అమ్మాయి బడి జట్టులో ఉంది, దానివల్ల మేమంతా ఇందులోకి వచ్చాం.

ఏటా జనవరిలో కేంబ్రిడ్జ్ ఊరి దగ్గర కరాపిరో సరస్సులో జాతీయ స్ప్రింట్ పోటీలు జరుగుతాయి. మూడు వేలకు పైగా తెడ్డు వేసేవాళ్ళు వస్తారు. వారమంతా తిరనాళ్ళే. బడికి కొత్తగా వెళ్ళే పిల్లల నుంచి డెబ్బై దాటిన పెద్దల దాకా వేర్వేరు పోటీలు. చిన్నపిల్లలు 250 మీటర్లు, పెద్దలు 500, ఆపైన మలుపులతో 1500 దాకా. రెండు పడవల్ని పక్కపక్కన కట్టి పన్నెండు మందితో వేసే పోటీ కూడా ఉంది, అది చూసి తీరాలి.

ఇక్కడ నేను గమనించింది: క్లబ్బు గుడారంలో అందరికీ పని ఉంటుంది. పడవ మోసేవాళ్ళు, వంట చేసేవాళ్ళు, తర్వాతి పోటీకి ఎవరు పోవాలో పిల్లల చేతి మీద స్కెచ్ పెన్నుతో రాసి పంపేవాళ్ళు. తాతల జట్టు పందెం అవగానే అవే తెడ్లు మనవల చేతికి వెళ్తాయి. పందానికి ముందు అందరూ గుండ్రంగా నిలబడి కరాకియా అనే ప్రార్థన చెబుతారు. మా అమ్మాయికి దాని మాటలన్నీ నోటికి వచ్చు.

పిల్లలు పెద్దవాళ్ళ ముందు తెడ్డు వేస్తారు, పెద్దవాళ్ళు పిల్లల ముందు ఓడిపోతారు, గెలుస్తారు. అలా పెరిగిన పిల్లలు పదిహేనేళ్ళకు జట్టులోకి వచ్చినప్పుడు 'నా సీటు ఏది' అని గొడవ పడటం నేనెప్పుడూ చూడలేదు.

సుధీర్

అరుణ గారు చెప్పింది హవాయి రెగట్టాలకూ సరిగ్గా సరిపోతుంది. వేసవిలో ప్రతి వారాంతం రెగట్టాలు జరుగుతాయి. 12 ఏళ్ళ లోపు పిల్లలు, కొత్తగా చేరినవాళ్ళు, మాస్టర్స్, అరవైలు దాటినవాళ్ళు, అన్నిటికీ విడివిడి పోటీలు. ప్రతి పోటీలో వచ్చిన పాయింట్లు క్లబ్బు ఖాతాలోకి పోతాయి. అంటే సీనియర్ మగవాళ్ళ జట్టు ఎంత గొప్పదైనా, పిల్లల జట్టు, అమ్మమ్మల జట్టు లేకపోతే క్లబ్బు గెలవదు. జూలై 4న వైకీకీలో జరిగే మక్‌ఫార్లేన్ రెగట్టా చూస్తే ఇది కళ్ళకు కడుతుంది. అక్కడ పందెం సర్ఫ్ అలల మధ్యే. పన్నెండేళ్ళ పిల్లల పడవలో నీళ్ళు నిండి మునిగిపోతుంటే ఒడ్డున ఉన్న క్లబ్బు మొత్తం లేచి నిలబడుతుంది.

ఇంకొకటి. రాష్ట్ర చాంపియన్‌షిప్పులో కోవా చెట్టు మానుతో చెక్కిన పడవలే వాడాలి. కోవా హవాయిలోనే పెరిగే చెట్టు, పడవకు సరిపోయేంత పెద్ద మాను దొరకడం ఇప్పుడు చాలా కష్టం. పడవ కనీస బరువు 400 పౌండ్లు, అంటే దాదాపు 181 కిలోలు. కొన్ని క్లబ్బుల్లో తాతల కాలం పడవలు ఇంకా పందేల్లో ఉన్నాయి. 1933లో చెక్కిన మలియా అనే పడవ అమెరికా జాతీయ చారిత్రక జాబితాలోకి ఎక్కింది. 1959లో దాన్ని కాలిఫోర్నియాకు ఓడలో పంపారు. న్యూపోర్ట్‌కూ కటలీనా దీవికీ మధ్య అప్పుడు జరిగిన పందెంతోనే అక్కడ ఈ ఆట మొదలైంది. మలియా ఆకారంతో అచ్చు తీసి పోసిన ఫైబర్‌గ్లాస్ పడవలు పద్మజ గారి తీరమంతా తిరిగాయి.

అప్పలరాజు (పోర్ట్‌బ్లెయిర్)

మా తాత శ్రీకాకుళం నుంచి అండమాన్ వచ్చాడు. ఇక్కడ మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. మీరు చెబుతున్న పడవ లాంటిది మా దగ్గరే ఉంది. నికోబార్ దీవుల వాళ్ళ హోడీకి కూడా ఒక పక్కన కొయ్య తేలు ఉంటుంది, మాను తొలిచి చేస్తారు. వాళ్ళ పండగలకు హోడీ పందేలు ఉంటాయి. చాలామంది కూర్చుని చిన్న తెడ్లతో వేస్తారు, ఒడ్డున ఊరు ఊరంతా ఉంటుంది. ఈ రకం పడవ కోసం పసిఫిక్ సముద్రం దాకా పోనక్కర్లేదు, మన దేశంలోనే తరతరాలుగా ఉందని చెప్పడానికే రాశాను. శ్రీలంకలో చేపలవాళ్ళు కూడా ఇలాంటి తేలున్న పడవలు వాడతారు.

గోదారోడు

అప్పలరాజన్నా, ఇది నాకు తెలియనే తెలియదు. మనవాళ్ళ తెప్పలకు పక్క తేలు లేదు కదా, నాలుగైదు దుంగలు కలిపి కట్టేది. వీలైతే హోడీ ఫోటోలు పెట్టండి.

రమణ (భోపాల్)

నేను కయాకింగ్ వైపు నుంచి. మన దేశానికి ఈ ఆటతో ఇంకో బంధం ఉంది. టోక్యో పారాలింపిక్స్‌లో మొదటిసారి వా పడవల పోటీలు పెట్టారు. పక్కన తేలున్న ఒంటరి పడవ, ఒంటి రెక్క తెడ్డు, చుక్కాని లేదు. మన ప్రాచీ యాదవ్ అందులో వీఎల్2 అనే విభాగంలో ఫైనల్‌కు చేరి ఎనిమిదో స్థానంలో నిలిచింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో అదే విభాగంలో రజతం, కయాక్‌లో స్వర్ణం సాధించింది. ఇక్కడ భోపాల్‌లోనే సాధన.

ఒంటరి పడవ వేసినవాళ్ళు ఆరుగురి పడవలోకి వస్తే మొదట ఇబ్బంది పడతారు. పద్మజ గారు చెప్పిన టైముల సంగతి అందుకే నాకు నమ్మకంగా ఉంది. ఒంటరిగా వేగంగా పోయే మనిషికి తన లయ తనకు ఉంటుంది. దాన్ని వదులుకుని ముందు మనిషి లయలోకి రావాలంటే బలమున్నవాళ్ళకే ఎక్కువ కష్టం.

శ్యామ్ (హైదరాబాద్)

సరే, పాయింట్ల పద్ధతి గురించి సుధీర్ గారు రాసింది నాకు కొత్త. క్లబ్బు గెలవాలంటే అందరూ కావాలని నిబంధనల్లోనే ఉంటే నా వాదన కొంత వెనక్కి తీసుకోవాల్సిందే. కానీ ఒక ప్రశ్న మిగిలింది, పద్మజ గారు సూటిగా చెప్పాలి. మీ టైముల్లో ముందున్న మనిషిని పక్కన పెట్టి వెనకున్న మనిషిని ఒకటో సీటులో పెట్టారు కదా. ఆ మనిషి ఏమైంది?

పద్మజ

సూటిగానే చెబుతాను శ్యామ్ గారూ. ఆవిడ చాలా బాధపడింది. ఒకటో సీటు అంటే గౌరవం అనుకునేవాళ్ళు ఉంటారు, ఆవిడకూ అలాగే అనిపించింది. ఒకరోజు సాధనకు రాలేదు. కోచ్ ఫోన్ చేసి బతిమాలలేదు. మర్నాడు ఒక పనికి రమ్మన్నారు: ఇయాకోలు పడవకు కట్టడానికి.

ఆ పని చూడనివాళ్ళకు చెప్పాలి. పడవకూ ఇయాకోకూ మధ్య మేకు లేదు, బోల్టు లేదు. తాడుతోనే కడతాం. ఒకరు తాడు చుడుతుంటే ఇంకొకరు ఇయాకో మీద కాలు పెట్టి లాగి బిగించాలి, మూడో మనిషి ముందు చుట్టు జారకుండా బొటనవేలితో నొక్కి పట్టాలి. చుట్ల మధ్య సందు ఉండకూడదు. ఒక్క చుట్టు వదులైనా సముద్రంలో ఇయాకో కదులుతుంది, తేలు పక్కకు తిరుగుతుంది, పడవ బరువెక్కినట్టు లాగుతుంది. ఆ రోజు ఆవిడా, ఒకటో సీటుకు వచ్చిన ఆవిడా ఒకే ఇయాకో దగ్గర పడ్డారు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను అవతలి ఇయాకో దగ్గర ఉన్నాను. మధ్యాహ్నం దాకా కట్టి, విప్పి, మళ్ళీ కట్టారు.

తర్వాత కోచ్ ఆవిడకు నాలుగో సీటు ఇచ్చారు. పడవకు అసలైన బలం అక్కడి నుంచే వస్తుందని మాకు తెలుసు, పందేలు మొదలయ్యాక ఆవిడకూ తెలిసింది. తేలు లేచినప్పుడు ముందు వాలేది కూడా ఆవిడే. తొమ్మిది మంది పందేల సీజన్ వచ్చేసరికి ఎస్కార్ట్ బోటులో ఎవరు ఎప్పుడు దిగాలో చెప్పే బాధ్యత ఆవిడదే అయింది.

అందరి విషయంలో ఇలా జరగదు. మా క్లబ్బులోనే ఇంకొకరు సీటు నచ్చక వేరే క్లబ్బుకు వెళ్ళిపోయారు. చాలా బలమైన మనిషి. పోతే పోయారని నేననను, ఆవిడ ఉంటే బాగుండేది. కానీ ఆవిడ కోసం ఒకటో సీటు మార్చి ఉంటే మిగతా ఐదుగురికీ కోచ్ మాట మీద నమ్మకం పోయేది.

లలిత (ఫ్రీమాంట్)

నేను చాలా రోజుల నుంచి ఈ వేదిక చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మా ఇంటికి దగ్గర్లో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున ఇలాంటి క్లబ్బు ఉంది, వారాంతాల్లో పడవలు చూస్తుంటాను. యాభైకి దగ్గర పడుతున్నాను, ఈత ఓ మోస్తరుగా వచ్చు. చేరవచ్చా? మావారు టెన్షన్ పడుతున్నారు.

పద్మజ

లలిత గారూ, తప్పకుండా చేరండి. కొత్తవాళ్ళకు చాలా క్లబ్బుల్లో నోవిస్ విభాగం విడిగా ఉంటుంది. వసంతకాలంలో వెళ్తే మీతో పాటు మొదలుపెట్టినవాళ్ళే ఉంటారు. ముందు ఈత పరీక్ష, నీళ్ళలో కాసేపు తేలుతూ ఉండటం, హులి సాధన ఉంటాయి. ఈత ఇప్పటి నుంచే రోజూ కొంచెం మెరుగుపరచుకోండి. లైఫ్ జాకెట్ అడిగి వేసుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. బే నీళ్ళు చల్లగా ఉంటాయి, నూలు బట్టలు వద్దు, తడిసినా త్వరగా ఆరే బట్టలు వేసుకోండి. మొదటి నెలలో అరచేతులు బొబ్బలెక్కుతాయి, తగ్గిపోతాయి. భుజంతో లాగకండి, నడుము తిప్పి వేయమని కోచ్ వందసార్లు చెబుతారు. అదే అసలు పాఠం.

ఒక మర్యాద ముందే తెలుసుకోండి. ఒడ్డున ఉన్న పడవను ఎప్పుడూ దాటకూడదు, చుట్టూ తిరిగి వెళ్ళాలి. పుస్తకానికి కాలు తగిలితే మనం కళ్ళకద్దుకుంటామే, పడవ విషయంలో వాళ్ళకు అంత పట్టింపు. తెడ్డు కూడా ఇసుకలో పడేయకూడదు.

మీ వారిని కూడా ఒకసారి ఒడ్డుకు రమ్మనండి. పడవ నీళ్ళలోకి మోయడానికి ఎప్పుడూ మనుషులు తక్కువే.

శ్యామ్ (హైదరాబాద్)

పద్మజ గారూ, సమాధానానికి ధన్యవాదాలు. ఇక్కడి నుంచి చూడాలంటే ఏ పందెం చూడమంటారు?

సుధీర్

నేను చెబుతాను. అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో హవాయికి నుయి చూడండి. తాహితీ టీవీ మూడు రోజులూ ప్రత్యక్ష ప్రసారం ఇస్తుంది. వ్యాఖ్యానం ఫ్రెంచ్, తాహితీ భాషల్లో ఉంటుంది, అర్థం కాకపోయినా పరవాలేదు. మొత్తం చూసే ఓపిక లేకపోతే మూడో రోజు చూడండి. తాహా దాటి బయటి సముద్రంలోకి వచ్చాక ముందున్న మూడు నాలుగు పడవలు గంటల తరబడి పక్కపక్కనే పోతాయి. అలా పోతున్నప్పుడు ఒకటో సీటు, ఐదో సీటు తెడ్లు ఒకేసారి దిగుతున్నాయా లేదా అని చూడండి. బోరాబోరా కొండ కనబడే సమయానికి ఆ రెండూ విడిపోయే పడవ ఏదో మీకే తెలుస్తుంది, వెనకబడేది కూడా మామూలుగా అదే.